మీటరుకు ముందే చీలిన పైపు

ఇంటి నల్లాకు మీటరు పెట్టించుకోవడానికి అనుమతి అడగడం పెద్ద పనేమీ కాదు. ఒక దరఖాస్తు, క్యాన్ నంబరు (నీళ్ల బిల్లు మీదుండే ఖాతా నంబరు), ఇంటి పన్ను రసీదు, ఇంటి కాగితాల నకళ్లు ఉంటే చాలు. ఆ తర్వాత జలమండలి సెక్షన్ ఆఫీసు నుంచి ఎవరో ఒకరు వచ్చి చూసిపోతారు. ఇంత చిన్న పనిని నేను ఏళ్ల తరబడి తప్పించుకు తిరిగాను. ఎవరైనా అడిగితే, "ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారండీ" అనేవాణ్ని. అవతలివాళ్లు కూడా నిజమేనన్నట్టు తలూపేవాళ్లు. అలా అంటే మన ఊళ్లో ఎవరూ మారు ప్రశ్న వేయరు.

నేను చెప్పింది అబద్ధం. ఆఫీసుకు వెళ్లడానికి నాకు బద్ధకమూ లేదు, భయమూ లేదు. ఆఫీసువాళ్లు మా ఇంటికి రావడమే నాకు ఇష్టం లేదు. వస్తే గేటు పక్కన గుంత మూత తీస్తారు, పైపు ఎటు పోతోందో చూస్తారు. అదీ సంగతి.

మా ఇల్లు హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపు ఒక కాలనీలో ఉంది. నాన్న కట్టించినది. ఆయనది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె. ఆ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంతుంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. నాన్న పళ్ల మీద గోధుమ రంగు చారలుండేవి. ఆయన మేనత్త నలభై దాటకముందే నడుం వంగిపోయి, మంచం పట్టె పట్టుకుని నడిచేదట. అందుకే నీళ్ల విషయంలో ఆయనకొక పట్టింపు. కృష్ణా నీళ్లు నగరానికి 2004లో వచ్చాయి. మా వీధికి లైను పడి కనెక్షన్ వచ్చిన రోజు ఆయన మొదటి బిందె పట్టి, కొద్దిగా నోట్లో పోసుకుని, కాసేపు మింగకుండా నిలబడ్డారు. గేటు పక్కన గుంతలో పెట్టిన ఇత్తడి మీటరు అద్దాన్ని తువ్వాలుతో తుడిచి, నెలకోసారి రీడింగు ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారు. బిల్లు వచ్చాక ఆ అంకెతో సరిచూసుకునేవారు. తేడా ఎప్పుడూ రాలేదు. అయినా రాసేవారు.

ఆయన పోయాక ఆ నోటుపుస్తకాన్ని నేను అటక మీద పెట్టాను. మరి కొన్నాళ్లకు మీటరు ఆగిపోయింది. అద్దం లోపల ఆవిరి పట్టి, అంకెలు మసకబారి, ముల్లు కదలడం మానేసింది. బిల్లు సరాసరి లెక్కన రావడం మొదలైంది. నెల నెలా ఒకే మొత్తం. నీళ్లెన్ని వాడినా అంతే. ఇది నాకు బాగుందనిపించింది. పాడైన మీటరును మార్చుకోవాల్సింది ఇంటివాళ్లేనని తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఆగిపోయిన మీటరు నా పక్షాన ఉందనుకున్నాను.

అక్కడితో ఆగినా పోయేది. మా లైనుకు రోజు విడిచి రోజు తెల్లవారుజామున నీళ్లొస్తాయి. ప్రెషర్ తక్కువ. సంపు నిండేలోపే నీళ్లు ఆగిపోయేవి. పై వాటాలోకి అద్దెకు వచ్చినవాళ్లు చాలడం లేదని గొణగడం మొదలుపెట్టారు. వీధిలో ఇద్దరు ముగ్గురు నల్లా పైపుకే మోటారు బిగించుకున్నారని తెలిసింది. నేనూ బిగించాను. సంపు దగ్గర, పైపు చివర, ఒక హార్స్‌పవర్ మోటారు. స్విచ్చు వేస్తే అరగంటలో సంపు నిండేది. ఆ మొదటి రోజు నేను పడిన సంబరం ఇప్పటికీ గుర్తుంది. ఇంటికేదో గొప్ప మేలు చేసినవాడిలా మా ఆవిడకు సంపు మూత తీసి చూపించాను. "మామయ్యగారుంటే ఒప్పుకునేవారు కాదు" అని మాత్రం అంది.

నల్లా పైపుకు నేరుగా మోటారు పెట్టకూడదన్న రూలు నాకు తెలియనిది కాదు. ఎందుకు పెట్టకూడదో కూడా తెలుసు. పైపులో నీళ్లు వాటంతటవి వచ్చేంతసేపూ లోపలి ఒత్తిడి బయటికి ఉంటుంది. ఎక్కడ చిన్న చిల్లున్నా నీళ్లే బయటికి పోతాయి. మోటారుతో పీలిస్తే ఆ ఒత్తిడి తిరగబడుతుంది. అదే చిల్లులోంచి బయటి మట్టి, పక్కన మురుగు కాలువ ఉంటే ఆ మురుగు లోపలికొస్తాయి. వచ్చిన ఆ మురుగు పీల్చినవాడి ఇంటికే పోవాలని లేదు, ఆ లైను మీద ఎవరింటికైనా పోవచ్చు. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన తాగునీళ్లు తాగి జనం చనిపోయారు. ఆ వార్తలు రోజూ పేపర్లో చదివాను, ఆఫీసులో మాట్లాడాను, ఆవేశపడ్డాను. ఆ తర్వాత కొన్నేళ్లకే మోటారు కొన్నాను. రెండూ చేసింది ఒకే మనిషి. చదివింది ఆ మనిషికి అడ్డం రాలేదు. మీకూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. నీళ్ల దగ్గర కాకపోతే కరెంటు దగ్గరో, కాంపౌండు గోడ హద్దు దగ్గరో.

మా నీళ్లలో అప్పుడప్పుడు ఎర్రమట్టి వచ్చేది. పంపులైను సరిగా చూసుకోవడం లేదని నేను జలమండలి నంబరు 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించేవాణ్ని. ఎవరో కుర్రాడు వచ్చి వీధి చివర వాల్వు దగ్గర నీళ్లు పట్టి, సీసాలో చూపించి, "ఇక్కడ మంచిగనే ఉన్నయి సార్" అని వెళ్లిపోయేవాడు. నాకు కోపం వచ్చేది.

ఇక్కడ పక్కింటి పిన్నిగారి గురించి చెప్పాలి. మాకూ ఆవిడకూ మధ్య ఒకే కాంపౌండు గోడ. ఆ గోడను ఆనుకుని అటువైపు ఆవిడ పడకగది, ఇటువైపు నేల కింద మా నల్లా పైపు, చివర మా సంపు. భర్త పోయారు, కొడుకు పుణెలో ఉంటాడు. పెన్షను మీద ఒంటరిగా ఉంటుంది. ఆ పడకగది గోడకు చెమ్మ పట్టింది. మొదట మోకాలెత్తు వరకు, తర్వాత నడుమెత్తు వరకు. సున్నం పొరలు పొరలుగా ఊడేది. ఆవిడ ఒకసారి వచ్చి, "బాబూ, మీ సంపు ఏమన్నా కారుతోందేమో చూస్తావా?" అని అడిగింది. సంపులో నీటిమట్టం దగ్గర గీత పెట్టి రాత్రంతా చూశాను. తగ్గలేదు. ఆ గీతను చూపించి, ధైర్యంగా చెప్పాను: "మాది కాదు పిన్నిగారూ. మీ బాత్రూం టైల్స్ కింద పైపు పోయుంటుంది." నా మాట మీద ఆవిడ బాత్రూం తవ్వించింది. పైపులు మార్పించి, కొత్త టైల్స్ వేయించింది. చెమ్మ తగ్గలేదు. నేను అప్పుడు సంపు చూశాను గానీ, సంపుదాకా వచ్చే పైపు గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు.

2020 చివర్లో జీహెచ్ఎంసీ ఎన్నికలు వచ్చాయి. నెలకు ఇంటికి 20,000 లీటర్ల వరకు నీళ్లు ఉచితమని మాటిచ్చారు, 2021 జనవరి 12న పథకం మొదలైంది. అయితే బస్తీలు కాని చోట రెండు షరతులు: క్యాన్ నంబరుకు ఆధార్ కలపాలి, పనిచేసే మీటరు ఉండాలి. మా కాలనీ వాట్సాప్ గ్రూపంతా అదే మాట. నాకు తొందర పుట్టింది. మీటరు కావాలి, కానీ తనిఖీ వద్దు. ఈ రెండూ ఒకచోట ఎలా కుదురుతాయో ఆలోచించడానికి నేను పెట్టిన బుద్ధిలో పావు వంతు పెడితే దరఖాస్తు పూర్తయ్యేది.

దారి ప్లంబర్ చూపించాడు. "పర్మిషన్ గిర్మిషన్ ఏంది సార్, రాణిగంజ్‌ల మీటర్ తెస్త, పాతది పీకి కొత్తది పెడ్త. తిరిగితే చాలు గదా, ఎవ్వడడుగుతడు?" అన్నాడు. నేను ఇంకొకటి అడిగాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను కాబట్టి అతని మీద వేయలేను. "మోటారు లాగే నీళ్లు మీటరులో పడకుండా చేయొచ్చా?" అన్నాను. అతను ఒక నిమిషం నా మొహం చూసి, "చేయొచ్చు సార్" అన్నాడు.

మీటరుకు ముందే పైపును చీల్చి ఒక టీ జాయింటు వేశాడు. అక్కణ్నించి పీవీసీ పైపు ఒకటి గోడ వెంబడి నేల మీదుగానే మోటారుదాకా వెళ్లింది. పాత ఇనుప పైపు మీటరులోంచి నేల కింద ఎప్పటిలాగే సంపుకు వెళ్తుంది. అంటే వాటంతటవి వచ్చే కాసిన్ని నీళ్లకు లెక్క ఉంటుంది, మోటారుతో లాగే నీళ్లకు లెక్క ఉండదు. ఆ పీవీసీ పైపు కనబడకుండా మందారం, కరివేపాకు, తులసి కుండీలు వరసగా పెట్టాను. మా అమ్మాయి వచ్చినప్పుడు "తోట బాగా పెంచావు నాన్నా" అంది. దీనికి దొంగతనమని పేరని అప్పుడు నేను అనుకోలేదు. సర్దుబాటు అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సర్దుబాటన్న మాట నా చేతికి రావడం లేదు.

మీటరు రీడింగుకు వచ్చిన కుర్రాడు తన చేతిలోని మిషన్‌లో మీటరు నంబరు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. "ఈ నంబర్ మా రికార్డులో లేదు సార్. సీలు కూడా లేదు. ఎవరు పెట్టిన్రు?" అన్నాడు. మేమే పెట్టించుకున్నామన్నాను. "అట్ల పెడితే లెక్కలోకి రాదు సార్. మీ క్యాన్ మీద ఇంకా పాడైన మీటరే ఉంది. ఆఫీసుకు పోయి దరఖాస్తు పెట్టుకోన్రి, వాళ్లొచ్చి చూసి ఎక్కిస్తరు" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు.

మీటరు నా గుంతలో ఉంది కాబట్టి నా వస్తువు అనుకున్నాను. డబ్బులు పెట్టి కొన్నదీ నేనే. కానీ అది రెండు వైపులా నమ్మాల్సిన సాక్షి. నాకు తోచిన చోట, తోచినట్టు నేనే పెట్టుకుంటే దాని మాట ఎవరు నమ్ముతారు? అనుమతి కావాలనేది అందుకే. ఏ కంపెనీది, ఐఎస్ఐ గుర్తుందా, 15 మిల్లీమీటర్లదా 20దా, పడుకోబెట్టి బిగించారా నిలబెట్టారా, దాని ఒంటి మీద బాణం గుర్తు నీళ్లు పోయే వైపే ఉందా, దానికి ముందు పైపు ఎక్కడైనా చీలిందా... ఇవన్నీ మరొకరు వచ్చి చూసి, తీగ కట్టి సీసపు సీలు నొక్కాకే అది చెప్పే అంకెకు విలువ. నాన్న నోటుపుస్తకంలో తేడా ఎందుకు రాలేదో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది.

ఆఫీసుకు వెళ్లాను. కౌంటరులో ఉన్నాయన కాగితాలు చూసి, "కనెక్షన్ మీ నాన్నగారి పేరు మీదుంది. ఆయన లేరు కదా, ముందు పేరు మార్పు చేయించుకోండి. రెండూ కలిపే పెట్టొచ్చు" అన్నారు. మరణ ధ్రువపత్రం, వారసుల కాగితం, చెల్లెలి సంతకం కావాలి. నేను దాచుకున్న రెండోది ఇదే. చెల్లెల్ని సంతకం అడిగితే ఇంటి వాటాల మాట పైకి వస్తుందని, నాన్న పోయిన నాటి నుంచి ఏ కాగితం మీదా పేరు మార్చకుండా లాక్కొస్తున్నాను. కరెంటు మీటరు కూడా ఆయన పేరు మీదే ఉంది. హయత్‌నగర్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లి నీళ్లు నమిలాను. అది కాగితం అందుకుని, చదివి, సంతకం పెట్టి ఇచ్చింది. "దీనికోసం పొద్దున్నుంచి ఇలా ఉన్నావా అన్నయ్యా? నేను ఇంకేమో అనుకుని భయపడ్డా" అంది. వాటాల మాట ఆ రోజు నేనే ఎత్తాను. ఆ కథ వేరే.

తనిఖీకి వచ్చిన మేనేజరు చిన్న వయసు అమ్మాయి. వెంట లైన్‌మన్ ఉన్నాడు. అప్పటికి నేను కుండీలు తీయలేదు. తీసేద్దామని రోజూ అనుకుంటూనే ఉన్నాను. ఆవిడ గుంత మూత తీయించి, టార్చి వేసి చూసింది. టీ కనబడింది. లేచి, కుండీల వరస వెంబడి నడిచి, మోటారు దగ్గర ఆగి, "ఇది ఎక్కడికి వెళ్తుంది సార్?" అని అడిగింది. తెలియక అడిగింది కాదు. నేను చెబుతానా లేదా అని అడిగింది. చెప్పాను. మొత్తం చెప్పాను, ఎందుకో తెలియదు. బహుశా కుండీల ముందు నిలబడి ఇంకో అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "మీ వెనక గల్లీ చివరి నాలుగిళ్లకు నీళ్లు ఎక్కడం లేదని ఏడాదిగా ఫిర్యాదులొస్తున్నాయి సార్. లైను ఎక్కడో పూడిపోయిందనుకుని రోడ్డు తవ్వించాం. పోయిన వేసవిలో. మీకు గుర్తుందా?" అంది.

గుర్తుంది. జేసీబీ వచ్చి మా మూల మీదే తవ్వింది. దుమ్ము ఇంట్లోకి వస్తోందని, తవ్వి సరిగా పూడ్చలేదని, బైకు జారుతోందని నేను ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. "వీళ్లకు పనీ పాటా లేదు, ఏడాదికోసారి రోడ్డు తవ్వడమే" అని రాశాను. దానికి ముప్పై మంది బొటనవేళ్లు చూపించారు. వెనక గల్లీ చివరింట్లో చంటిపిల్లలతో ఒక జంట అద్దెకుంటారు. నీళ్లొచ్చే రోజుల్లో ఆ అమ్మాయి ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని మా వీధి బోరింగు దగ్గరకు వచ్చేది. నేను మార్నింగ్ వాక్‌కు వెళ్తూ ఆమెను చూసేవాణ్ని. మా మోటారు అప్పటికే నడుస్తూ ఉండేది.

మోటారు తీసుకెళ్లారు. జరిమానా రాశారు. అక్కడే ఒప్పుకుని కట్టాను. టీ తీయించి, గుంతను ఇటుకలతో సరిగా కట్టించమని, పైపు నిటారుగా కాకుండా నేలకు సమంగా పెట్టించమని లైన్‌మన్ చెప్పాడు. మీటరుకు ముందు కాస్త దూరం వంపుల్లేని తిన్నని పైపు ఉండాలట. లేకపోతే నీళ్లు సుడి తిరుగుతూ లోపలికి వెళ్లి లెక్క తప్పుతుంది. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే లైనులో మొదట గాలి తోసుకొచ్చి మీటరును ఊరికే తిప్పుతుందనీ, అందుకని నీళ్లొచ్చే వేళ నల్లా చివర కాసేపు తెరిచి ఉంచి గాలి మెల్లగా పోనివ్వాలనీ అతనే చెప్పాడు. అనుమతి కాగితం వచ్చింది. మీటరు వాళ్ల ముందే బిగించారు. సీలు పడింది. క్యాన్ మీద నాన్న పేరు పోయి నా పేరు ఎక్కింది. ఆ బిల్లు చూసినప్పుడు మనసు ఒకలా అయింది గానీ, అది ఎప్పుడో జరగాల్సిన పని.

అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది.

మీటరు ముఖం మీద నల్ల అంకెలు, ఎర్ర అంకెలు ఉంటాయి. నల్లవి కిలోలీటర్లు, అంటే ఒక్కొక్కటీ వెయ్యి లీటర్లు. ఎర్రవి అంతకంటే చిన్న లెక్కలు. వాటి పక్కన చుక్కంత నక్షత్రపు చక్రం ఒకటి ఉంటుంది, శనగబద్దకన్నా పెద్దది కాదు. పైపులో సన్నటి ధార కదిలినా అది తిరుగుతుంది. అంకెలు కదలనంత చిన్న ప్రవాహాన్ని కూడా అది పట్టిస్తుంది.

ఒక నీళ్ల రోజు తెల్లవారుజామున, మోటారు లేకుండా సంపు నిండుతుందో లేదో చూద్దామని లేచాను. ఆశ్చర్యం, నిండింది. నాదొక్కటే కాదు, అంతకుముందు వారం మేనేజరు వీధిలో మిగతా మోటార్లు కూడా తీయించింది. ఎవరూ లాగకపోతే ప్రెషర్ అందరికీ ఉంది. సంపు నిండాక, పైపు చివర ఉన్న గేట్ వాల్వు గట్టిగా కట్టేశాను. ఇక నీళ్లు పోవడానికి ఇంట్లో దారి లేదు. మూత వేసి లోపలికి వెళ్దామనుకుని, కొత్త మీటరు కదా, ఒకసారి చూద్దామని గుంత దగ్గర కూర్చుని టార్చి వేశాను.

నక్షత్రపు చక్రం తిరుగుతోంది.

నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా తిరుగుతోంది. వాల్వు సరిగా కట్టలేదేమోనని వెళ్లి మళ్లీ బిగించాను. సంపులో చెయ్యి పెట్టి పైపు నోరు తడిమాను. చుక్క రావడం లేదు. వెనక్కి వచ్చి చూస్తే ఇంకా తిరుగుతోంది. మీటరు పాడైందేమో అని మొదట అనుకున్నాను. మనసు ఎటు పరుగెడుతుందో చూడండి. సీలు పడి వారం కాని మీటరు మీదికి వెళ్లింది. మోకాళ్లు నొప్పి పుట్టేదాకా అలాగే కూర్చున్నాను. మీటరు దాటిన నీళ్లు సంపుకు చేరడం లేదు. మరి ఎక్కడికి పోతున్నాయి? మీటరుకూ సంపుకూ మధ్య ఏముంది? ఇరవై అడుగుల ఇనుప పైపుంది. అది ఏ గోడ పక్కగా పోతోంది?

టార్చి ఎత్తి గోడ వైపు వేశాను. గోడ అవతల పిన్నిగారి గదిలో లైటు వెలుగుతోంది. ఆవిడ తెల్లవారుజామునే లేస్తుంది.

ఆ క్షణంలో నాకు ఒకటొకటిగా గుర్తొచ్చాయి. రాత్రంతా చూసి చూపించిన సంపు గీత. "మీ బాత్రూం టైల్స్ కింద" అన్న నా గొంతు, అందులోని నమ్మకం. నల్లా నీళ్లలో వచ్చిన ఎర్రమట్టి. అది వీధి లైనులోది కాదు. చిల్లుపడ్డ నా పైపులోంచి, నా మోటారే, నా నేలలోని మట్టిని పీల్చి నా సంపులో పోసింది. దాని గురించి ఫిర్యాదు చేసిందీ నేనే. మీటరు ఆగిన నాడే మార్పించి ఉంటే, ఒక్కసారి వంగి ఆ చక్రాన్ని చూసి ఉంటే, ఈ పైపు సంగతి అప్పుడే బయటపడేది. లెక్క లేకపోవడం నాకు లాభమనుకున్నన్నాళ్లూ ఆ లెక్క పక్కింటి గోడలోకి ఎక్కుతూ ఉంది. ఆ నీళ్లు ఎక్కణ్నించి వచ్చినవి? 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్లయితే వాలుకు వాటంతటవే నగరానికి వచ్చేవి. మావి అలా కాదు. నాగార్జునసాగర్ వైపు నుంచి, అక్కంపల్లి రిజర్వాయరు మీదుగా, కరెంటుతో మెట్టు మెట్టుగా ఎత్తిపోస్తే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి సాహెబ్‌నగర్ చేరే నీళ్లు. ఆ పైపులు నాన్న జిల్లా మీదుగానే వస్తాయి.

తెల్లవారాక పలుగు తెప్పించి తవ్వించాను. ఇనుప పైపు అడుగువైపు తుప్పు తిని, చిల్లు పడింది. దాని చుట్టూ మట్టి బురదై, గోడ పునాది రాయిదాకా నల్లగా నాని ఉంది.

పిన్నిగారికి చెప్పడానికి వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో ముందే అనుకుని వెళ్లాను గానీ ఆ మాటలేవీ రాలేదు. "పైపు మాదే పిన్నిగారూ" అన్నాను. ఆవిడ వచ్చి గోతిలోకి చూసింది. చాలాసేపు చూసింది. "నువ్వు సంపు చూశానంటే నమ్మాను" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. అంటే బాగుండేదనిపించింది. బాత్రూంకైన ఖర్చు, గోడకు కాబోయే ఖర్చు రెండూ నేనిస్తానన్నాను. వద్దు నాయనా అంటుందేమోనని మనసులో ఒక మూల ఎదురుచూశానని కూడా ఒప్పుకోవాలి. ఆవిడ అనలేదు. లోపలికి వెళ్లి మేస్త్రీ రాసిచ్చిన చీటీ, టైల్స్ బిల్లు తెచ్చి ఇచ్చింది. డబ్బు తెచ్చిస్తే లెక్కపెట్టుకుని బీరువాలో పెట్టుకుంది. అదే సరైన పద్ధతి.

"గోడకు ఇప్పుడే ప్లాస్టరింగ్ చేయించకు. ఎండాకాలం పోనీ. బాగా ఆరాక చేయిద్దాం, లేకపోతే మళ్లీ ఊడుతుంది" అంది. మంచం మాత్రం గోడకు దూరంగా జరిపించుకుంది. నేనూ మా ఆవిడా కలిసి జరిపాము. మంచం వెనక గోడ అంతసేపు దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. ఉప్పు పువ్వు పూసి, వేలు పెడితే ఇసుకలా రాలింది.

వెనక గల్లీవాళ్లకు చెప్పడం ఇంతకన్నా కష్టమైంది. కాలనీ మీటింగులో ఒకాయన లేచి, ఈ మధ్య చివరిళ్లకూ నీళ్లు బాగా ఎక్కుతున్నాయని, కొత్త లైను వేశారా అని అడిగాడు. కొత్త లైనేమీ కాదని, మా మోటారు తీసేశారని లేచి చెప్పాను. డబ్బాలు మోసిన అమ్మాయి వెనక వరసలో కూర్చుని ఉంది. ఆమె ఇప్పటికీ నాతో మాట్లాడదు. మాట్లాడాలని నేను అడగలేను.

మొన్న పిన్నిగారు పిలిచి, తన మీటరు కూడా కొన్నాళ్లుగా తిరగడం లేదని చెప్పింది. మీటరు గుంత చూశాను. అద్దం లోపల అదే ఆవిరి. "మీ ప్లంబర్‌నే పిలవమంటావా?" అని అడిగింది. అతన్ని ఇప్పుడే వద్దన్నాను. కనెక్షన్ బాబాయిగారి పేరు మీదే ఉంది కాబట్టి ఆయన మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, రిజిస్ట్రేషన్ కాగితం, ఆవిడ ఆధార్ తీసి పెట్టమన్నాను. పుణెలో ఉన్న కొడుకు సంతకం కూడా కావాలి. వాడు దసరాకు వస్తాడట. ఈలోగా మిగతావి జిరాక్సులు తీయించి ఒక కవరులో పెట్టాను. దరఖాస్తు ఫారం కూడా తెచ్చాను. పైపు ఎటు పోతోందని వాళ్లు అడిగితే చెప్పడానికి ఆవిడ గోడ వెంబడి నేనే నడిచి, సుద్దతో గీసి పెట్టాను.